మూడో పిలుపు

ఈరమ్మ గుడ్డును దీపం మీద ఆనించి చూసింది. లోపల సన్నటి ఎర్ర నరాలు, వాటి మధ్య నల్లటి చుక్క ఒకటి కదులుతోంది. దాన్ని ఎడమవైపు అట్టలో పెట్టి ఇంకొకటి తీసింది. ఇది ఖాళీది, లోపల సొన తప్ప ఏమీ లేదు. దాన్ని కుడివైపు తట్టలో వేసింది. గుడ్లు పొదిగించే ఆ కంపెనీలో ఈ గది ఎప్పుడూ చీకటిగానే ఉంటుంది. రేకు డబ్బాకు చిల్లు పెట్టి లోపల బల్బు వెలిగిస్తారు, ఆ చిల్లు మీద గుడ్డు పెడితే ప్రాణం ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. కొత్తూరు వైపు లారీలు పోతున్నప్పుడల్లా గోడ సన్నగా అదురుతుంది. బల్లకు అటువైపు కూర్చున్న ఆడవాళ్ల మొహాలు కనిపించవు, చేతులు మాత్రం వెలుతురులోకి వచ్చి పోతుంటాయి.

తలుపు దగ్గర నిలబడి సూపర్‌వైజర్ శేఖర్ "ఈరమ్మా" అని పిలిచాడు. ఆమె పలకలేదు. మళ్లీ పిలిచాడు. ఆమె గుడ్డు తిప్పుతూనే ఉంది. మూడోసారి పిలిచాక "ఆ, చెప్పన్నా" అంది. చీకట్లో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఇది రోజూ ఉండే తంతే. పని చెయ్యడానికి ఆమెకు కనుసైగ చాలు, పలకడానికి మాత్రం మూడు పిలుపులు కావాలి, కలెక్టరమ్మగా పుట్టబోయి కోళ్ల కంపెనీలో పడింది పాపం అని వాళ్ల ఎగతాళి. ఈరమ్మ వాళ్లతోపాటు తనూ నవ్వేది. ఎందుకలా చేస్తావని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేసేది.

శేఖర్ వచ్చింది ఆమె పొద్దున అడిగిన సెలవు సంగతి చెప్పడానికే. కాస్త ముందుగా పోవచ్చన్నాడు. ఈరమ్మ లేచి, బయటి నల్లా దగ్గర బూడిద పెట్టి చేతులు తోముకుంది. ఎంత తోమినా ఆ సొన వాసన పోదు. బక్కపలచని మనిషి, ముందుకు వంగిన భుజాలు, ఎండలోకి వస్తే చిట్లించుకునే కళ్లు. తల సరిచేసుకుని, పిల్ల ప్రోగ్రెస్ కార్డు ఉన్న సంచి చంకన పెట్టుకుని రోడ్డెక్కింది.

ఆ కార్డు నిన్న సాయంత్రం వచ్చింది. ఈరమ్మకు చదువు రాదు గనుక నాలుగో తరగతి చదివే కూతురు సుమలతే వేలు పెట్టి చూపిస్తూ చదివి వినిపించింది. తెలుగులో మంచి మార్కులు, లెక్కల్లో ఇంకా మంచి మార్కులు. అట్టడుగున క్రమశిక్షణ అన్న గడిలో మాత్రం ఎర్ర సిరాతో 'డి' అని ఉంది. పెద్దలు వచ్చి మాట్లాడకపోతే పిల్లను పై తరగతిలో చేర్చుకోబోమని దాని కింద రాసి ఉంది. ఎందుకేశారు బిడ్డా అని అడిగితే పిల్ల కాలి బొటనవేలితో నేల గీసింది తప్ప చెప్పలేదు. తప్పు చేసిన పిల్ల కనీసం అబద్ధమైనా చెబుతుంది. ఆ మౌనం ఈరమ్మకు నచ్చలేదు. ఈ బడి పోతే పిల్ల ఎక్కడికి వస్తుందో ఆమెకు తెలుసు. తన పక్కకే, ఆ చీకటి గదిలోకే, ఇంకో రేకు డబ్బా ముందుకే.

బడి శంషాబాద్ బస్సులు ఆగే చోటుకు వెనక, కిరాయికి తీసుకున్న ఒక మేడలో ఉంది. టీచరు జ్ఞానప్రసూనాంబది గుంటూరు వైపు. గంజి పెట్టిన నూలు చీర, నుదుట రూపాయంత బొట్టు. కుర్చీ చూపించి కూర్చోమంది. ఈరమ్మ కూర్చోలేదు. కార్డు బల్ల మీద పెట్టి, ఈ అక్షరం ఎందుకు పడిందో చెప్పమని అడిగింది. ఎవరినైనా కొట్టిందా, తిట్టిందా, ఏమైనా దొంగిలించిందా అని ఒక్కొక్కటే అడిగింది. టీచరమ్మ అన్నిటికీ తల అడ్డంగా ఊపింది.

"పిలిస్తే పలకదమ్మా" అంది చివరికి. "హాజరు పిలిస్తాను, పలకదు. ప్రశ్న అడుగుతాను, పలకదు. రెండోసారి పిలిచినా అంతే. బెంచీ ఎక్కించాను, ఎండలో నిలబెట్టాను. ఏడుస్తుందే గాని ఎందుకో చెప్పదు. గదినిండా పిల్లలున్నారు. మూడోసారి ఎవరు పిలుస్తారు, చెప్పండి?"

ఈరమ్మ బల్ల మీది కార్డు వైపు చూసింది. నేరం పిల్లది కాదు, తనది.

కొన్నేళ్ల కిందట ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ భయంతో వణికాయి. సందెవేళ ఏదో ఇంటి ముందుకు వచ్చి తెలిసినవాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తుందని, పలికినవాళ్లు బతకరని చెప్పుకున్నారు. అది ఒక్కసారే పిలవగలదట, మళ్లీ మళ్లీ పిలిచేది మనుషులేనట. ఇంటింటి గోడ మీదా 'రేపు రా' అని ఎర్ర జాజుతో రాసుకున్నారు. ఈరమ్మ భర్త మల్లేశ్వర్ అదంతా విని నవ్వేశాడు. ఆ వారంలోనే ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చున్నవాడు "ఆ, వస్తున్న" అంటూ లేచి బయటికి పోయాడు. బెంగుళూరు రోడ్డు మీద లారీ కింద దొరికాడు. లారీ గుద్దిందని అందరూ అన్నారు. నిజమే, లారీయే గుద్దింది. పిలిచిందెవరని ఈరమ్మ వాడంతా తిరిగి అడిగింది. ఎవరూ పిలవలేదు.

వానలకు గోడల మీది రాతలు చెరిగిపోయాయి, జనమూ మరిచిపోయారు. ఈరమ్మ మరవలేదు. పహాడీ షరీఫ్ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి పిల్ల మెడలో కట్టింది. రెండో పిలుపునూ నమ్మలేక, మూడో పిలుపుకు గాని నోరు తెరవొద్దని, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని తన మీద ఒట్టు వేయించుకుంది. అమ్మ మీద వేసిన ఒట్టు గనుకే పిల్ల ఎండలో నిలబడింది గాని నోరు విప్పలేదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి ఈరమ్మకు ఏడుపొచ్చింది.

"జర మూడుసార్లు పిలువుండ్రి మేడం" అంది.

ఎందుకని టీచరమ్మ అడిగింది. ఈరమ్మ కూడా కూతురిలాగే నేలచూపులు చూసింది. టీచరమ్మ కఠినురాలు కాదు. పిల్ల తెలివైనదని, పరీక్షల దాకా మొదటి పిలుపుకే పలికితే ఆ డి కొట్టేసి పై తరగతికి పంపిస్తానని మాటిచ్చింది. పలికిస్తానని ఈరమ్మా మాటిచ్చింది. వెళ్లబోతుంటే టీచరమ్మ గొంతు తగ్గించింది.

"ఇంకొకటమ్మా. ఒక్కోసారి నేను పిలవకముందే ఆ పిల్ల ఉలిక్కిపడి కిటికీ వైపు చూస్తుంది. నేనూ వెళ్లి చూశాను. అక్కడ ఎవరూ ఉండరు."

గంట కొట్టాక తల్లీకూతుళ్లు రోడ్డు పక్కన నడుచుకుంటూ ఇంటిదారి పట్టారు. ఇకనుంచి టీచరమ్మ ఒక్కసారి పిలిస్తేనే పలకమని, పాత ఒట్టు తీసి గట్టున పెట్టేశానని ఈరమ్మ చెప్పింది. పిల్ల సంతోషిస్తుందనుకుంది. పిల్ల రోడ్డు పక్క రాయిని తన్నుకుంటూ కొంతదూరం నడిచింది.

"బడిల ఒక్కసారి పిలిచేది టీచరొక్కతే కాదమ్మా" అంది.

"ఇంకెవరు పిలుస్తరు?"

"కిటికీ కాడికెల్లి పిలుస్తది. ఒక్కసారే. అచ్చం నీ లెక్కనే పిలుస్తది. నువ్వు కోళ్ల కంపెనీల ఉంటవు గద, గందుకే నేను పలకలె."

ఈరమ్మ కాళ్లు ఆగిపోయాయి. పక్కనుంచి పోయిన లారీ దుమ్ము ఇద్దరినీ కమ్మేసింది. దుమ్ము అణిగాక కూడా పిల్ల ఆమె మొహంలోకే చూస్తూ ఉంది.

"ఇగ ఒక్కసారికే పలుకుమంటున్నవ్. ఎవరు పిలిచిండ్రో నాకెట్ల తెల్వాలె?"

న్యాయమైన ప్రశ్నే. పలకకపోతే చదువు పోతుంది, పలికితే పిల్లే పోతుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అక్కడ నిలబడింది ఈరమ్మ. చివరికి, టీచరమ్మ నోటివైపే చూస్తూ కూర్చోమని, ఆ నోరు మెదిలితేనే పలకమని చెప్పింది. పిల్ల సరేనంది గాని, ఇన్నేళ్ల అలవాటు ఒక్కపూటలో పోతుందా? అందుకని దారిపొడుగునా తనే ఉండుండి "సుమలతా" అని ఒక్కసారి పిలిచి పలికించింది. కన్నకూతురి పేరు అలా ఒక్కసారే పిలవడం ఆమెకు కొత్త. మొదట్లో పిల్ల నాలుక కరుచుకునేది. ఇల్లు దగ్గరపడేసరికి పిలుపు పూర్తికాకముందే "ఉన్న టీచర్" అని నవ్వుతూ పలకసాగింది. ఈరమ్మకు కూడా కొంచెం ధైర్యం వచ్చింది.

సందె వేళకు తలుపు వేసి, గొళ్లెం పెట్టి, పిల్లను గోడవైపు తిప్పి కూర్చోబెట్టుకుని తల దువ్వడం మొదలుపెట్టింది. కొబ్బరినూనె రాసి ఒక్కో పాయా విడదీస్తూ చిక్కు తీస్తోంది. పక్కింట్లో శివమ్మ పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిల్ల రేపు బడిలో ఎలా పలుకుతుందో చెబుతోంది. ఇంతలో శివమ్మ పొయ్యి చప్పుడు ఆగిపోయింది. రోడ్డు మీద లారీల మోత కూడా వినిపించలేదు.

"సుమలతా."

తలుపు అవతలి నుంచి, ఒక్కసారే. ఆ గొంతు ఈరమ్మదే. ఈరమ్మ నోరు మాత్రం మూసే ఉంది.

అమ్మే అనుకుని పిల్ల నవ్వుతూ "ఉన్..." అంది. ఈరమ్మ ఎడమచెయ్యి వచ్చి ఆ నోటిని గట్టిగా మూసింది. అయితే సగం మాట అప్పటికే దాటిపోయింది. గుమ్మం బయట ఉన్నది మిగతా సగం కోసం ఆగినట్టు ఈరమ్మకు తెలిసింది. ఆమెకు భయమేసింది, చాలా భయమేసింది. పక్కింటివాళ్లు చేట అడిగితే పలికినట్టు మామూలు గొంతుతో పిల్ల బదులు తనే పలికింది.

"ఆ, వస్తున్న."

లేచింది. "గోడ దిక్కే చూడు బిడ్డా, ఇటు మర్లకు" అంది. గొళ్లెం తీసిన చప్పుడు, మళ్లీ పెట్టిన చప్పుడు పిల్లకు వినిపించాయి. బయట ఎవరూ లేరంది తల్లి. వచ్చి వెనక కూర్చుంది. ఆమె మోకాళ్లు పిల్ల భుజాలకు తగిలాయి. తల వాల్చినట్టు వెనకవైపు గోడకు మెత్తగా తగిలిన చప్పుడైంది. పక్కింట్లో శివమ్మ మళ్లీ పొయ్యి ఊదసాగింది.

చెయ్యి ఎంతకీ తల మీద పడలేదు. పిల్ల "అమ్మా" అంది. జవాబు రాలేదు. అమ్మ ఒక్క పిలుపుకు పలకదు గదా అని రెండోసారి పిలిచింది. మూడోసారికి తప్పకుండా పలుకుతుందన్న నమ్మకంతో మూడోసారీ పిలిచింది.

పిల్ల ఆపకుండా పిలుస్తుండటం విని శివమ్మ వచ్చింది. గొళ్లెం తియ్యమంటే పిల్ల ఆ మాటకు కూడా మూడోసారి అడిగేదాకా ఆగి, గోడను తడుముకుంటూ, వెనక్కి చూడకుండా వచ్చి తీసింది. దవాఖానకని ఎవరో ఆటో తెచ్చారు గాని దానితో పని లేకపోయింది. గుండె ఆగిందన్నారు. సరైన తిండి లేక, రోజంతా చీకట్లో కూర్చుని ఒళ్లు గుల్లయిందన్నారు. అదీ నిజమే కావచ్చు. పిల్ల తిరిగి పోయి గోడవైపే మొహం పెట్టి కూర్చుంది. శివమ్మ దగ్గరికి లాక్కుని తల నిమరబోతే చేతికి ఏదో గుచ్చుకుంది. చిక్కు సగం తీసిన పాయలో, పళ్ల సందుల్లో నూనె ఇంకా తడిగా మెరుస్తూ, చెక్క దువ్వెన నిలిచి ఉంది.