జ్వరం వచ్చిన నాలుగు రోజులు

కార్మిక శాఖ గదిలో భర్తను మెల్లగా కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకు కట్టిన బెల్టు సరిచేసి, ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఏడేళ్లు సొంత వ్యానులో ఒకే కంపెనీ పార్శిళ్లు ఇంటింటికీ చేరవేసిన మనిషి. ఒక ఇంటి తడి మెట్ల మీద పెట్టెతో సహా జారిపడ్డాక, ఎవరైనా లేపందే లేవలేకపోతున్నాడు. గోదాములో అందరూ అతన్ని తాబేలు అనేవారు. నిదానమే గాని, ఏ పెట్టె మూలా నలగనిచ్చేవాడు కాదు.

అక్కడ తేలవలసింది ఒక్కటే. అతను కంపెనీ ఉద్యోగి కిందికి వస్తాడా, సొంతంగా పని ఒప్పుకున్న కాంట్రాక్టరు కిందికి వస్తాడా? ఉద్యోగి అయితే వైద్యమూ, కోలుకునేదాకా జీతమూ కంపెనీయే చూడాలి. కాదంటే అతని నడుముతో దానికి సంబంధం లేదు.

కంపెనీ చొక్కా తొడుక్కోక తప్పదనీ, ఏ వీధి తరవాత ఏ వీధో ఫోనులో కంపెనీయే చెబుతుందనీ, ఏడేళ్లలో ఒక్క రోజు నాగా లేదనీ యూనియన్ వకీలు వరసగా చెప్పాడు. విచారణాధికారిణి తల ఊపుతూ రాసుకుంది. గోడ దగ్గర నిలబడ్డ భార్యకు కాస్త ప్రాణం కుదుటపడింది.

అప్పుడు కంపెనీ వకీలు ఆమె వైపు తిరిగాడు. మర్యాదస్తుడే. ముందు ఆమెకు కుర్చీ వేయించాడు.

"ఏడేళ్లంటే మాటలా అమ్మా? ఒంట్లో బాగోలేనప్పుడు కూడా మీ ఆయన ఎలా వెళ్లేవారు?"

"ఒకసారి జ్వరంతో నాలుగు రోజులు మంచం దిగలేదండి. అప్పుడు కూడా పని ఆగనివ్వలేదు. ఆయన ఫోను పట్టుకుని నేనే బండి తీశాను. ఒక్క పెట్టె కూడా వెనక్కి రాలేదు."

"గోదాములో వద్దనలేదా?"

"ఎందుకంటారండీ? తాబేలింట్లో కుందేలుందే అని నవ్వారు."

గర్వంగానే చెప్పింది. భర్త కళ్లు మూసుకుంటే నొప్పేమో అనుకుంది.

బయట వరండాలో యూనియన్ వకీలు తల పట్టుకున్నాడు. ఉద్యోగి తనకు బదులు ఇంకొకరిని పంపడం కుదరదట. పంపినా కంపెనీ ఊరుకుందంటే, అతను సొంతంగా పని చేయించుకునే కాంట్రాక్టరే అంటారట. పది రోజుల తరవాత వచ్చిన తీర్పులోనూ అదే ఉంది.

"నా నోరు పడిపోయినా బాగుండేది. ఒక్క మాటైనా అనరేం?" అంది ఆమె.

"నువ్వు లేనిది చెప్పలేదుగా," అన్నాడు అతను. తిట్టి ఉంటే ఆమె ఎక్కడో ఒకచోట కూర్చుని ఏడ్చి తేరుకునేది.

ఇల్లు గడవాలంటే వ్యాను కదలాలి. దాన్ని ఆమే నడపాలి. మరి పగలంతా అతన్ని లేపేదెవరు, పడుకోబెట్టేదెవరు? సగం రోజు ప్రయాణం దూరంలో ఉన్న ఆడపడుచు, తమ్ముణ్ణి తన దగ్గర ఉంచుకుంటానంది. ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని వచ్చింది. వెనక సీట్లో దిళ్లు పేర్చి పడుకోబెట్టారు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో ఆడపడుచుకి ఆమె రెండుసార్లు చెప్పింది. మూడోసారి మొదలుపెడితే ఆడపడుచు చెయ్యి పట్టుకుంది.

"బండి వెనక్కి తీసేటప్పుడు అద్దాన్ని నమ్మకు. దిగి చూసుకో," అన్నాడు అతను లోపల్నుంచి.

"సరే."

"బ్రేకు కాస్త గట్టిగా తొక్కాలి."

"తెలుసు."

మళ్లీ ఎన్నాళ్లకు వస్తాడని ఆమె అడగలేదు. ఆడపడుచు కారు తలుపు వేసింది.