చెక్క మీద చెల్లి

చెల్లి పోయి ఏడాది దాటింది. హాల్లో దాని ఫోటో ఉంది గానీ, అద్దం మీద కిటికీ వెలుతురు పడి అమ్మకు మొహం కనపడదు. "దాన్ని చూద్దామని నిలబడితే కిటికీ కనిపిస్తోందిరా," అంది ఒకరోజు. అద్దం అక్కర్లేకుండా బొమ్మను నేరుగా చెక్క మీదికి ఎక్కించవచ్చని మా ఆవిడ ఎక్కడో చూసింది. పని నా నెత్తిన పడింది.

అమ్మ కోరిన ఫోటో ఒక్కటే. టైలరింగ్ షాపులో చెల్లి బల్ల మీదికి వంగి గుడ్డ కత్తిరిస్తున్నది. కత్తెర ఎడమచేతిలో ఉంది. అది పుట్టుకతోనే ఎడమచేతి వాటం. దాన్ని కుడిచేతికి మార్చాలని అమ్మ చేయని పని లేదు. పెన్సిల్ పట్టినప్పుడల్లా గరిటె కాడతో ఆ చేతి మీద కొట్టింది. కొన్నాళ్లు గుడ్డపీలికతో ఆ చేతిని నడుముకు కట్టేసింది కూడా. చెల్లి గుక్కపెట్టి ఏడ్చేది, కట్టు విప్పగానే మళ్ళీ ఎడమచేత్తోనే పెన్సిల్ అందుకునేది. ఒట్టి మొండిఘటం. పెద్దయ్యాక ఆ చేత్తోనే మా వీధిలో సగంమందికి బట్టలు కుట్టింది. అమ్మ జాకెట్లూ అదే కుట్టేది. చేతి సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

లేజర్ ప్రింటే కావాలట, మామూలు ప్రింటైతే తడికి కారిపోతుందట. ప్రింట్లు తీసే షాపుకు వెళ్ళాను. "చెక్క మీదికైతే బొమ్మను అద్దంలోలా తిప్పి కొట్టాలేమో సార్?" అన్నాడు షాపాయన. ముప్పై ఏళ్లు డ్రాయింగ్ ఆఫీసులో గీతలు గీసినవాణ్ణి, నాకు ఈయన చెప్పేదేమిటి? "ఉన్నదున్నట్టు కొట్టవయ్యా," అన్నాను.

చెక్కను గరుకు కాగితంతో నున్నగా రుద్ది, జిగురు పూసి, ప్రింటు బోర్లా అంటించి, పాత స్కేలుతో గాలిబుడగలు బయటికి నెట్టాను. రోజంతా ఆరనిచ్చి, మర్నాడు మధ్యాహ్నం తడి స్పాంజితో కాగితాన్ని నానబెట్టి వేళ్ళతో రుద్దాను. కాగితం సన్నసన్న ఉండలై లేచిపోతుంటే రంగు మాత్రం చెక్కను పట్టుకుని ఉండిపోయింది. బల్ల వచ్చింది, గుడ్డ వచ్చింది, చెల్లి మొహం వచ్చింది. తర్వాత కత్తెర వచ్చింది, కుడిచేతిలో.

అప్పుడు వెలిగింది నా బుర్ర. బోర్లా అంటిస్తే ఎడమ కుడి కాక ఏమవుతుంది?

"అత్తయ్య చూపు అంతంతమాత్రం. చెప్పకండి," అంది మా ఆవిడ. అదే మేలనిపించింది. అమ్మ అన్నేళ్లు కోరుకున్నది ఇదేగా అని ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

అమ్మ చెక్కను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. చెల్లి చెంప మీద వేలు పెట్టి, "అదే," అంది. వేలు కిందికి జరిగి కత్తెర దగ్గర ఆగింది.

"ఇదేంట్రా?"

నసుగుతూ చెప్పాను.

"కొట్టి, కట్టేసి, అన్నేళ్లు నానా తంటాలు పడ్డా నావల్ల కాలేదు. నువ్వు ఒక్క సీసా జిగురుతో మార్చిపారేశావు." నవ్వబోయింది, రాలేదు. "నేనే గెలిచినట్టుందిరా ఇందులో. నాకొద్దు. మళ్ళీ చెయ్యి."

ఈసారి తిప్పి కొట్టించాను. షాపాయన ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

రెండో చెక్క ఆరాక, "ఇటు తే, నేను రుద్దుతా," అని అమ్మ కూర్చుంది.

"మెల్లగా అమ్మా. గట్టిగా రుద్దితే బొమ్మే లేచిపోతుంది."

"తెలుసులేరా."

నేను పక్కనే కూర్చుని నీళ్లు అద్దుతూ వచ్చాను. జడ బయటపడింది, నుదురు, ముక్కు, మెడలో వేలాడే టేపు. ఆ వేళ్ళు అంత మెత్తగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. భుజం దాటి, మోచేయి దాకా వచ్చి అమ్మ ఆగిపోయింది. మణికట్టు మీద తడికాగితం ఇంకా తెల్లగానే ఉంది. వేళ్ళు కొంగుకు తుడుచుకుని చెక్కను నా వైపు నెట్టింది.

"ఇక్కణ్ణుంచి నువ్వు తియ్యి. దాని చేతి జోలికి ఇంక నేను పోను."