కత్తిరింపు బల్ల మీద గ్లైడర్

నా కత్తిరింపు బల్ల మీద మనిషంత పొడవు రెక్క పడుకుని ఉంటే నేను బట్టలు ఎక్కడ కత్తిరించుకోవాలి? కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఇదే రగడ. కంటి ఆపరేషన్ అయ్యి ఇంట్లో కూర్చున్న మా ఆయనకి పొద్దు పోవడం లేదని మా అమ్మాయి ఒక పెట్టె తెచ్చిచ్చింది. అందులో చేతిలో ఉన్నట్టే తెలియని తేలికపాటి చెక్క ముక్కలు, ఒక పెద్ద ప్లాను కాగితం, దూరం నుంచి నడిపే రిమోట్. అన్నీ అతికిస్తే గ్లైడర్ అవుతుందట. ఇంజను ఉండదు, గాలి మీదే తేలుతుంది. ఇంజను లేని బండి బస్సు డ్రైవరుకి ఏం ఆనుతుందిలే అనుకున్నాను.

ఆనింది. ప్లాను నా బల్ల మీద పరిచారు. జిగురు ఆరేదాకా చెక్కలు కదలకుండా నా గుండుసూదులన్నీ గుచ్చారు. రెక్కల మీద పల్చటి ప్లాస్టిక్ పొరని వేడితో బిగించాలంటే నా ఇస్త్రీపెట్టె కావాలి, రుద్దడానికి నేనూ కావాలి. "అక్కడ ముడత పడిందే" అంటూ పక్కన నిలబడి చెప్పేవారు. ముడతల గురించి నాకు చెప్పేంతవారు! ముక్కు తేలికైపోయి తోక కిందికి వాలుతుంటే, బరువు కోసం నా టిచ్ బటన్ల పొట్లం మొత్తం ముక్కులో కూరారు. కసురుకున్నాను గానీ, ఆయన ఈల వేసుకుంటూ పని చేయడం విని ఎన్నాళ్ళయిందో. నోరు మూసుకుని ఇంకో పొట్లం కొనుక్కున్నాను.

అసలు సంగతి వేరే ఉంది. కన్ను బాగైందని డాక్టరు ఎప్పుడో రాసిచ్చాడు. డిపోకి వెళ్ళి ఒకసారి బస్సు నడిపి చూపిస్తే మళ్ళీ డ్యూటీ. ఈయనే వెళ్ళడం లేదు. ఇవాళ తలనొప్పి, రేపు వాన. భయమని నోటితో అనరు, అంతే. సోమవారం రాకపోతే ఇక స్టీరింగు మర్చిపోయి పార్శిల్ కౌంటర్లో కూర్చోమని డిపోవాళ్ళు కబురు పెట్టారు.

"దీన్ని ఎగరేసి నా కాళ్ళ దగ్గర దించగలిగితే వెళ్తాను," అన్నారు రెక్క నిమురుతూ.

"దానికీ దీనికీ ఏం సంబంధమండీ?"

"నా కన్ను, నా చెయ్యి. అదే సంబంధం."

శనివారం ఊరి చివర గడ్డి మిట్ట ఎక్కాం. ఆయన రిమోట్ పట్టుకున్నారు, నేను గ్లైడర్ విసిరాను. ఎంత నాజూగ్గా వెళ్ళిందనీ! కుడికంటే కుడికి, ఎడమకంటే ఎడమకి. నా ఇస్త్రీ ఎండలో తళతళలాడింది. తిరిగి మా వైపు రావడం మొదలుపెట్టాక మాత్రం ఒక పక్కకి వాలింది. ఆయన సరిచేసేకొద్దీ ఇంకా వాలి, వెళ్ళి పొదలో పడింది. మళ్ళీ విసిరాను. మళ్ళీ అదే వరస, అదే పొద.

"చూశావా, చెయ్యి పోయింది," అన్నారు. గ్లైడర్‌ని చంకలో పెట్టుకుని మిట్ట దిగిపోయారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆదివారం పొద్దున ఆయనకి డ్యూటీ చొక్కా తొడిగి ఎదురుగా నిలబెట్టాను. చిక్కిపోయారు కదా, వదులు తియ్యాలి. "వెళ్ళనివాడికి చొక్కా ఎందుకే?" అని సణుగుతూనే నిలబడ్డారు. నేను గుండుసూదులతో బిగించేసరికి, "కుడి భుజం దగ్గర లాగేస్తోంది," అన్నారు.

నా ఎడమ చెయ్యి దానంతటదే ఆయన కుడి భుజం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"ఏమండీ, నిన్న గ్లైడర్ ఎదురొస్తూ మీ కుడివైపు వాలితే ఎటు తిప్పారు?"

"ఎడమకి. ఇంకెటు తిప్పుతాను?"

"మీ కుడి దానికి ఎడమండీ! ఎడమకి వాలినదాన్ని ఇంకా ఎడమకే తోశారు. ఇన్నేళ్ళూ బండి లోపల కూర్చున్నారు గానీ, ఎదురుగా నిలబడి ఎప్పుడు నడిపారు గనక? నేను రోజూ కొలతలు తీస్తూ నిలబడేది మనుషులకి ఎదురుగానే."

ఆయన తన భుజం కేసీ నా చేతి కేసీ మార్చి మార్చి చూశారు. "అంత గబుక్కున బుర్రలో తిరగేసుకోలేనే," అన్నారు నీరసంగా.

"బుర్రెందుకు, మీరే తిరగండి. అది వస్తుంటే దానికి వీపు పెట్టి, భుజం మీంచి చూడండి. బస్సు వెనక్కి తీసేటప్పుడు చూడరూ, అలా. అప్పుడు మీ కుడీ దాని కుడీ ఒకటే."

సాయంత్రం మళ్ళీ అదే మిట్ట. విసిరాను. వెళ్ళింది, తిరిగింది. ఆయన దానికి వీపు పెట్టి మెడ తిప్పారు. మెడ మీద నరం బిగుసుకుంది. నాకు చేతులు ఊరుకోలేదు. బస్సు వెనక్కొస్తుంటే క్లీనరు నిలబడ్డట్టు పక్కకి జరిగి, అరచెయ్యి ఊపుతూ మొదలుపెట్టాను.

"రానీ... రానీ... రానీ..."

రెక్క వాలింది. ఆయన బొటనవేలు కదిలింది. రెక్క నిలబడింది.

"రానీ... రానీ..."

గడ్డిని రాసుకుంటూ వచ్చి ఆయన మడమల వెనకే ఆగింది.

"ఆపు!" అని అరిచాను, అది ఆగిపోయిన ఎంతసేపటికో.

ఆయన వంగి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు దాన్ని ఎత్తుకున్నారు. కళ్ళు రెండూ తడి. పొదలో అంటుకున్న దుమ్ము దులుపుతూ, నా వైపు చూడకుండా అడిగారు.

"ఆ భుజం సరిచేశావా? రేపు పొద్దున్నే తొడుక్కోవాలి."

నేను ఊరుకుంటానా?

"ముందు నా బల్ల ఖాళీ చెయ్యండి," అన్నాను.