తాడు మీద పదిహేను చొక్కాలు

ఆ సోమవారం సెలీనా తన మొగుడి చొక్కాను వీధిలో ఆరేయలేదు. అందుకే జాబెజ్ మోకాలు పోయింది.

వాన పడుతోందని వంటింట్లో పొయ్యి పైన, రెండు దుప్పట్ల మధ్య ఇరికించి ఆరేసింది. చొక్కా అంచు రెండుసార్లు ఎగిరిపడితే తలుపు సందులోంచి వచ్చే గాలి అనుకుంది. శనివారం నలుగురు మనుషులు ఆమె మొగుణ్ణి చెక్క మీద పడుకోబెట్టి మోసుకొచ్చారు.

ఆ యార్క్‌షైర్ మిల్లు ఊళ్ళో సోమవారం ఉతుకుల రోజు. వీధికి అడ్డంగా తాళ్ళు కట్టి బట్టలారేస్తారు. రగ్బీ ఆడేవాడి చొక్కా తాడెక్కిందంటే, శనివారం అతను ఆడబోయే ఆటంతా అప్పుడే ఆడేసేది. పరిగెత్తేది, వంగేది, దొర్లేది. ఆడవాళ్ళు బుట్టలతో దాని కింద నుంచి తల వంచుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

"మీ ఆయన ఈ వారం కూడా బంతి జారవిడుస్తాడే సెలీనా!" అని ఎదురింటి మార్తా అరిచేది.

దొరల రగ్బీ సంఘాన్ని వదిలేసి, ఆట కోసం పని మానిన పూటకి కూలి ఇచ్చే కొత్త సంఘంలో ఊరి క్లబ్బు చేరిన రోజు నుంచీ జాబెజ్ ఆడాడు. మోకాలు పోయాక కోచ్ అయ్యాడు. జట్టు చొక్కాలు పదిహేనూ సెలీనా చేతికొచ్చాయి. అప్పటికే ఆమెకు ఇంకో పని ఉంది. తెల్లవారకముందే పొడుగాటి వెదురు కర్రతో కిటికీలు తట్టి మిల్లు పనివాళ్ళను లేపేది.

కప్పు సెమీఫైనల్ వారం. పద్నాలుగు చొక్కాలు తాడు మీద కుమ్ముకుంటున్నాయి. పదిహేనోది అమోస్‌ది. మైదానం ఎడమ అంచున ఆడే మిల్లు నేతగాడు అతను. అది తాడు చివరిదాకా పరిగెత్తి, మడత పడి, రాళ్ళ మీద పడింది. మళ్ళీ లేవలేదు. చేతులు కూడా కదల్లేదు.

మధ్యాహ్నం భోజనానికి వస్తూ అమోస్ దాన్ని చూశాడు. "ఏంటక్కా, నా చొక్కాకి నిద్రొచ్చిందా?"

"ఈ వారం మానుకోరా."

"సెమీఫైనల్ మానుకుంటే మా అమ్మే నన్ను గుమ్మం తొక్కనివ్వదు."

ఇంట్లో జాబెజ్ పళ్ళెంలోంచి తలెత్తకుండానే అన్నాడు, "వాడు లేకపోతే ఓడిపోతాం. ఓడిపోతే నా ఉద్యోగం ఉండదు. ఆడొద్దని నేనెలా చెప్పను?"

"నువ్వేం చెప్పక్కర్లేదులే," అంది సెలీనా.

ఎవరూ పని మానేసి ఆట కూలి మీదే బతక్కూడదని, శనివారం పొద్దున పనిలోకి రానివాడు మధ్యాహ్నం ఆడకూడదని కొత్త సంఘం నియమం. ఆ శనివారం సెలీనా వీధంతా తట్టింది, అమోస్ కిటికీ తప్ప. అతను లేచేసరికి ఎనిమిది దాటింది. మిల్లు గేటు ఎప్పుడో మూసేశారు. ఉత్త కాళ్ళతో వచ్చి ఆమె గుమ్మం ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆమె గుమ్మం తోముతూనే ఉంది.

మారు ఆటగాణ్ణి వెతికే టైం లేక పద్నాలుగు మందే ఆడారు. రెండో సగంలో, అమోస్ ఆడాల్సిన ఎడమ మూలన, అవతలి జట్టు వాళ్ళు ఆరుగురు ఒకేసారి దూకి కుప్పగా పడ్డారు. ఒక్కొక్కళ్ళే లేచి కిందికి చూశారు. కింద ఎవరూ లేరు. గడ్డి మాత్రం బెత్తెడు లోతు దిగబడి ఉంది.

జట్టు ఓడిపోయింది. మంగళవారం జాబెజ్ ఉద్యోగం పోయింది.

"కావాలనే తట్టలేదు కదూ?" అన్నాడు.

"అవును."

రెండు వారాలు తన భోజనం తనే పెట్టుకు తిన్నాడు. మూడో వారం కొండ అవతలి ఊరి క్లబ్బు అతన్ని కోచ్‌గా పిలిచింది. మూటలు కడుతూ అడిగాడు, "అక్కడా చొక్కాలు ఉతుకుతావా?"

"ఆ ఊళ్ళో జనాన్ని లేపే పని కూడా నాకిప్పిస్తేనే."

ఇప్పించాడు. ఆ నియమం ఎత్తేసేదాకా నాలుగేళ్ళు, వానొచ్చినా మంచు పడినా ఆమె చొక్కాలు వీధిలోనే ఆరేసింది. నాలుగేళ్ళలో రెండు కిటికీలు తట్టలేదు. తిట్టడానికి ఇద్దరూ తమ కాళ్ళ మీదే నడిచొచ్చారు.