సమ ఉజ్జీ

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలంటారు. స్ప్రింగులమ్మకు ఆ రెండూ ఒక్క మనిషితోనే కుదిరాయి.

ఆమె బూడిద రంగు స్పోర్ట్స్ కారు చేసే కంపెనీలో చాసిస్ విభాగానికి పెద్ద. దానికి పోటీగా ఎర్ర కారు చేసే కంపెనీలో అదే ఉద్యోగం చేసే ఆయన కూతుర్ని ఆమె కొడుకు పెళ్ళాడాడు. రెండు కార్లకూ రెండే సీట్లు. రెండింటి ఇంజన్లూ వెనక చక్రాలనే తిప్పుతాయి. ధరల్లోనూ పెద్ద తేడా లేదు. మలుపులో బండి ఎంత ఒరగాలి, గతుకు మీద ఎలా నిలవాలి, స్టీరింగు తిప్పగానే ముక్కు ఎంత త్వరగా తిరగాలి అన్నవి అక్కడ ఆయన తేలుస్తాడు, ఇక్కడ ఈమె తేలుస్తుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ స్ప్రింగులతోనే కాపురం కాబట్టి షెడ్డులో వాళ్ళు ఆమెకు స్ప్రింగులమ్మ అని పేరు పెట్టారు. ఆమె కాదనలేదు.

పెళ్ళి మాటలకు కూర్చున్న రోజునే వియ్యంకుడికీ ఆమెకూ ఒక మాట దగ్గర పేచీ వచ్చింది. కారును సరిగ్గా సర్దాక ఆయన షెడ్డులో "బండి లొంగింది" అంటారు. ఈమె షెడ్డులో "బండి మాట వింటోంది" అంటారు.

"లొంగదీయడానికి అదేమన్నా పొగరుబోతు గిత్తా, అన్నయ్యగారూ?" అంది ఆమె.

"మాట వినడానికి అదేమన్నా మీ అబ్బాయా, చెల్లెమ్మగారూ?" అన్నాడు ఆయన.

పిల్లలిద్దరూ తలలు పట్టుకున్నారు. పెళ్ళి జరిగింది. పేచీ మాత్రం అక్కడే ఉంది.

ఇప్పుడు ఒక మోటారు పత్రిక రెండు కార్లనూ ఒకే ట్రాక్ మీద, ఒకే డ్రైవరుతో నడిపించి పోల్చి రాస్తానంది. ఆ పొద్దున స్ప్రింగులమ్మ ట్రాక్‌కు వచ్చేసరికి ఆమె కంపెనీ డైరెక్టరు ముందే వచ్చి ఉన్నాడు. సామాన్ల వ్యాన్‌లో ఒక చెక్కపెట్టె ఉంది. అందులో ఏముందో ఆమెకు తెలుసు. గట్టి స్ప్రింగులు.

"ముందే చెబుతున్నా మేడమ్," అన్నాడు డైరెక్టరు. "ఆ జంట మెలికలో మనది ఎర్రదాని కన్నా వెనకబడితే మీ స్ప్రింగులు తీసేసి ఇవి వేయించేస్తా. కొనేవాడికి నడుం అదిరితేనే స్పోర్ట్స్ కారు అనిపిస్తుంది. ఫ్యాక్టరీకి కూడా ఇవాళే చెప్పేస్తా."

"మెలికలో ముందుంటే?"

"మీవే ఉంటాయి. ఇక నోరెత్తను."

జంట మెలిక అంటే ట్రాక్‌లో కుడికి తిరిగి, ఊపిరి తీసుకునే లోపే ఎడమకు తిరిగే చోటు. రెండు మలుపుల మధ్య రోడ్డు కింద ఎప్పుడో పైపు వేసి పూడ్చారు. అక్కడ గతుకు ఉంది. స్ప్రింగులమ్మకు తన కారును సర్దడానికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళలో ఎక్కువ భాగం అలాంటి చోట్లకే పోయింది. గట్టి స్ప్రింగులు వేస్తే ఆ పనంతా బూడిదలో పోసిన పన్నీరే.

వియ్యంకుడు చేతిలో టీ కప్పుతో ఎదురొచ్చాడు.

"ఏం చెల్లెమ్మగారూ, మీ బండి కూడా మా అల్లుడిలాగే మెత్తనట కదా?"

"మెత్తన కాబట్టే మీ అమ్మాయితో కాపురం చేస్తున్నాడు, అన్నయ్యగారూ."

టీ పొలమారి ఆయన దగ్గాడు. పక్కనే హెల్మెట్ పెట్టుకుంటున్న పత్రిక టెస్ట్ డ్రైవరు నవ్వింది. ఆమె ఒకప్పుడు రేసుల్లో నడిపిన మనిషి. ఇద్దరికీ నియమాలు చెప్పింది. మొదటి చుట్లు టైర్లు వేడెక్కడానికి, వాటికి లెక్క లేదు. తర్వాతి చుట్లకు గడియారం పెడతారు. మెలికకు విడిగా ఇంకో గడియారం. ఆఖర్న ఒక ఆనవాయితీ ఉంది. ఇద్దరు పెద్దలూ ఎదుటివాళ్ళ బండి నడిపి ఒక్క మాట చెప్పాలి. అది పత్రికలో అచ్చవుతుంది.

"ఒక్క మాటేనా? మా వియ్యపురాలికి సరిపోదమ్మా," అన్నాడు వియ్యంకుడు.

తిన్నని రోడ్డు మీద ఎర్ర కారు ముందుంది. అది స్ప్రింగులమ్మ అనుకున్నదే. దాని ఇంజన్‌కు బలం ఎక్కువ. గేరు మారినప్పుడల్లా తుపాకీ పేలినట్టు చప్పుడు చేస్తుంది. బూడిద కారు బ్రేకు వేయడం కొంత దూరం ఆలస్యంగా మొదలుపెట్టి కూడా అదే చోట ఆగింది. మెలిక దగ్గరికి వచ్చేసరికి కథ మారింది. ఎర్ర కారు మొదటి మలుపులోనే ముక్కు బయటికి తోసింది. రెండో మలుపులో తోక ఊపింది. డ్రైవరు రెండుసార్లు స్టీరింగు వెనక్కి తిప్పి దాన్ని దారిలో పెట్టాల్సి వచ్చింది. బూడిద కారు గీత గీసినట్టు వెళ్ళింది.

లెక్క వచ్చింది. మెలికలో బూడిదది ముందు. మొత్తం చుట్టులోనూ ముందే.

డైరెక్టరు ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీ స్ప్రింగులు మీకే మేడమ్! పెట్టె మూత కూడా తీయను."

వియ్యంకుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. "డ్రైవరుకు మా బండి అలవాటు కాలేదు," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా.

స్ప్రింగులమ్మకు గెలిచినట్టు అనిపించలేదు. ఆయన చేతి పని ఆమెకు తెలుసు. ఆయన సర్దిన బండి గట్టిగా ఉంటుంది, కోపంగా ఉంటుంది, కానీ అలా తూలదు. తన టీ అందుకోవడానికి వెళుతూ ఎర్ర కారు పక్కన ఆగింది. వంగి ముందు టైరు చూసింది. టైరు పక్కగోడ మీద బాణం గుర్తు ఒకటి ఉంటుంది. ఎంత ఒత్తుకున్నా రోడ్డు రాపిడి అక్కడితో ఆగాలి. ఈ టైరు మీద రాపిడి ఆ గుర్తు దాటి కిందికి పోయింది. నాలుగు టైర్లదీ అదే వరస.

గాలి తక్కువైంది.

ఎర్ర కారు టైర్ల మనిషి గాలి కొలిచే గేజి తుడుచుకుంటున్నాడు. ట్రాక్‌కు రావడం అతనికి ఇదే మొదలు. ఎప్పుడూ వచ్చే ఆయన సెలవులో ఉంటే షోరూం నుంచి ఇతన్ని తెచ్చారు.

"వేడి చుట్లు అయ్యాక గాలి చూశావా నాయనా?"

"చూశానండి. అన్నిట్లోనూ ఎక్కువ చూపించింది. కంపెనీ అంకెకు తగ్గించేశాను."

అతను చెప్పింది గర్వంగానే చెప్పాడు. షోరూంలో అది తప్పు కాదు. అక్కడ టైర్లు చల్లగా ఉంటాయి, కంపెనీ అంకె చల్లని టైరుకే. ట్రాక్ మీద టైరు వేడెక్కితే గేజి ముల్లు ఆ అంకెను దాటుతుంది, దాటాలి. అంకె పెట్టేటప్పుడే ఆ పెరుగుదలను లెక్కలో వేసుకుంటారు. వేడి టైరులో గాలి వదిలితే పరిగెత్తేవాడి చెప్పుల పట్టీలు తెంపినట్టే.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. డైరెక్టరు ఫోన్‌లో ఎవరికో గెలుపు సంగతి చెబుతున్నాడు. ఆమె నోరు మెదపకుండా టీ తాగి ఊరుకుంటే మూడేళ్ళ పని నిలుస్తుంది. కానీ రేపు ఎవరైనా బూడిద కారు ఎర్ర కారును ఓడించిందంటే, గాలి లేని బండిని ఓడించిందని ఆమెకు ఒక్కతెకే తెలిసి ఉంటుంది. గాలి తీసిన బండిని గెలిచి మీసం మెలేయడానికి తనకు మీసమూ లేదు.

"అన్నయ్యగారూ, ఒకసారి ఇటు రండి," అంది. "మీ బండి చెప్పులు జారిపోయాయి."

ఆయన వచ్చి, వంగి, బాణం గుర్తు చూసి, మిగతా మూడు టైర్లూ వంగే చూశాడు. లేచాక టైర్ల మనిషి వైపు తిరిగాడు. ఆమె అడ్డం వచ్చింది.

"అరవకండి. చల్లారాక మళ్ళీ నింపితే పోయె."

డైరెక్టరు ఫోన్ పెట్టేసి పరుగున వచ్చాడు. విషయం విన్నాక ఆమెను పక్కకు పిలిచాడు. "మేడమ్, మీకేమన్నా మతి పోయిందా? వియ్యంకుడని చూస్తున్నారా?"

"వియ్యంకుడని చూస్తే ఊరుకునేదాన్నండీ. ఓడించాక పండక్కి పిలిచి ఏడిపించేదాన్ని. ఎర్ర కారని చూశాను."

టెస్ట్ డ్రైవరు మళ్ళీ నడపడానికి ఒప్పుకుంది. "మా పని కార్లను పోల్చడం, టైర్ల మనుషుల్ని కాదు," అంది.

టైర్లు చల్లారాయి. గాలి నింపారు. రెండు కార్లూ మళ్ళీ వేడెక్కి, మళ్ళీ తిరిగాయి. ఈసారి ఎర్ర కారు మెలికలోకి కొడవలి దిగినట్టు దిగింది. గతుకు మీద ఎగిరింది, పడింది, పట్టు వదల్లేదు. బూడిద కారు వెనక్కి తగ్గలేదు. అయినా లెక్క వచ్చేసరికి ఎర్రది ముందుంది. మొత్తం చుట్టులో రెప్పపాటు. మెలికలో అంతకన్నా తక్కువ. తక్కువైనా ముందు ముందే.

డైరెక్టరు వ్యాన్ దగ్గరికి వెళ్ళి మెకానిక్‌తో "పెట్టె దించు," అన్నాడు.

మెకానిక్ ఆమె వైపు చూశాడు. ఆమె తల ఊపింది. మాట మాటే. మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆమె అటు తిరగలేదు. తన కారు ముందు నిలబడి తాళం వియ్యంకుడి చేతికి ఇచ్చింది.

"నడపండి. మీ వంతు."

ఆయన సీటు వెనక్కి జరుపుకుని, టెస్ట్ డ్రైవరును పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. పత్రిక వాళ్ళు ఇచ్చింది ఒక చుట్టు. ఆయన ఆగాల్సిన చోట ఆగలేదు. ఇంకో చుట్టు వెళ్ళాడు. తర్వాత ఇంకోటి. బండి మెలికలోకి దిగినప్పుడల్లా స్ప్రింగులమ్మ దూరం నుంచి ముందు చక్రాన్నే చూస్తూ నిలబడింది. చక్రం గతుకులోకి దిగి పైకి వస్తోంది. బండి పైభాగం మాత్రం కదలడం లేదు.

ఆఖరికి ఆయన ఆపి దిగాడు. కారు ముందుకు వచ్చి, ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, నేల మీద కూర్చుని, చక్రం సందులోంచి లోపలికి తల పెట్టాడు.

"అన్నయ్యగారూ! పరాయివాళ్ళ వంటింట్లోకి తొంగిచూడకూడదు."

"ఉండవమ్మా!" అని లోపలి నుంచే అన్నాడు. వియ్యం కలిశాక ఆయన ఆమెను ఏకవచనంలో పిలవడం అదే మొదలు. "బండి ఒరగకుండా ముందు చక్రాలకు అడ్డంగా వేసే కడ్డీ సన్నది వేశారు. సన్నది వేసీ ఇంత తక్కువ ఒరుగుతోంది. ఎలా?"

"చెప్పను."

ఆయన లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. అప్పుడు తెరిచి ఉన్న పెట్టె కనిపించింది. దగ్గరికి వెళ్ళి ఒక స్ప్రింగు చేతిలోకి తీసుకున్నాడు. చుట్ల మందం వేలితో తడిమాడు.

"ఇవెవరికి?"

"మా బండికే," అన్నాడు డైరెక్టరు. "మార్చేస్తున్నాం. మెలికలో మీరు గెలిచారు కదా."

"ఇవాళేనా?"

"ఇవాళే."

"వేయించండి సార్," అన్నాడు వియ్యంకుడు. స్ప్రింగును రెండు చేతులతో డైరెక్టరు చేతుల్లో పెట్టాడు. "తప్పకుండా వేయించండి. ఫ్యాక్టరీలో కూడా చెప్పేయండి. మీకు పుణ్యం ఉంటుంది. వచ్చే ఏడాది మా అమ్మకాల గురించి నాకు నిద్ర పట్టదేమో అనుకున్నాను, ఇక పడుతుంది."

డైరెక్టరు స్ప్రింగు వైపు చూశాడు. ఆయన వైపు చూశాడు.

"మీదే కదండీ ముందు?"

"రెప్పపాటు ముందు. అది కూడా ఈ అమ్మాయి నడిపితే." ఆయన టెస్ట్ డ్రైవరును చూపించాడు. "మా బండిలో ఆ గతుకు వచ్చేటప్పుడు నేను ఊపిరి బిగపడతాను. ఇందులో ఈ అమ్మాయితో మాట్లాడుతూ దాటేశాను. మూడోసారి కావాలనే గతుకు మధ్యలో స్టీరింగు కదిపి చూశాను. ఏమీ అనలేదు. టైర్లలో గాలి లేకుండా ఓడిపోయి ఉంటే డ్రైవరు మీదికి తోసేసి ఇంటికి పోయేవాణ్ణి, ఈ బండి కింద తల పెట్టేవాణ్ణే కాదు. నా దగ్గరి నుంచి ఆ సాకు కూడా మీ మేడమే లాగేసింది."

టెస్ట్ డ్రైవరు కలం తీసింది. "మరి ఒక్క మాట చెప్పండి సార్. అచ్చుకు."

ఆయన స్ప్రింగులమ్మ వైపు చూడకుండా చెప్పాడు. "మాట వింటోంది. అంతే రాయండి."

"అది మా షెడ్డు మాట అన్నయ్యగారూ."

"తెలుసమ్మా. మీరు ఇంటికెళ్ళి మా అమ్మాయికి చెప్పకపోతే మేలు."

డైరెక్టరు స్ప్రింగును పెట్టెలో పెట్టాడు. మెకానిక్‌ను పిలిచి "ఎక్కించెయ్," అన్నాడు. వ్యాన్‌లోకా, కారులోకా అని మెకానిక్ అడగబోయి, మేడమ్ మొహం చూసి, వ్యాన్ వైపు నడిచాడు.

స్ప్రింగులమ్మ ఎర్ర కారులో కూర్చుంది. సీటు బిగువుగా ఉంది. స్టీరింగు మీద చేతులు పెట్టి, పెట్టె వ్యాన్‌లోకి ఎక్కి తలుపు పడేదాకా అద్దంలో చూసింది. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసింది. వియ్యంకుడు కిటికీ దగ్గరికి వచ్చి వంగాడు.

"ఏం చెల్లెమ్మగారూ, లొంగిందా?"

"కంగారెందుకు అన్నయ్యగారూ? నేనింకా దాన్ని ఏమీ అడగలేదు," అని గేరు వేసింది.