ఫ్రిజ్ మీద నాలుగో ప్లాను

పొద్దున్నే నెర్మీన్ చేసే మొదటి పని, ఫ్రిజ్ మీద అతికించిన చదువు ప్లానులో నిన్నటి గడిని కొట్టేయడం. తర్వాతే చిక్కుడు గింజల కూర, స్నానం, బస్సు. ఈజిప్టులో, అస్యూత్‌ ఊళ్లో పదేళ్లు సొంత మందుల షాపు నడిపిన మనిషి, కెనడా వచ్చి మిస్సిసాగాలో ఫార్మసిస్టు లైసెన్సు లేక ఎవరి షాపులోనో అట్టపెట్టెలు సర్దుతోంది. వాళ్లుండే బిల్డింగులో ఈజిప్టు వాళ్ల ఇళ్లు సగం ఇలాగే నడుస్తాయి.

మొదటి ప్లాను అతికించిన రోజు నుంచి ఆరేళ్ల కూతురు యుస్తీనా పెరగడం మానేసింది. దానికెవరూ గుండెలు బాదుకోలేదు. ప్లానున్న ఇళ్లలో పిల్లలు ఆగిపోతారు, అంతే. బళ్లో టీచరమ్మ "ఇంట్లో లైసెన్సు పరీక్షా?" అని అడిగి, పిల్లని మళ్లీ ఒకటో తరగతిలోనే కూర్చోబెట్టింది.

"నయమే, పోయినేటి చలికోటే సరిపోయింది" అన్నాడు నెర్మీన్ మొగుడు ఎమాద్.

మొదటి ప్లాను పద్దెనిమిది నెలలది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక రెండు గంటల సేపున్న గడికి ఆకుపచ్చ రంగు వేసి, "యుస్తీనా" అని రాసింది. రాతపరీక్ష గట్టెక్కింది గానీ, రోగి వేషం కట్టినవాళ్లతో మాట్లాడే పరీక్షలో బోల్తా పడింది. అస్యూత్ అలవాటు మరి! ఎదుటివాడు గొంతునొప్పి అనగానే "ఏం కాదు బాబూ, ఇది వేసుకో, మూడ్రోజుల్లో లేచి తిరుగుతావు" అని మందు చేతిలో పెట్టేసింది. ఏ మందులు పడవో అడగనేలేదు. అక్కడ షాపుకొచ్చే ప్రతివాడి ఒంటి సంగతీ ఆవిడకి తెలుసు, అడిగితే నవ్వేవాళ్లు.

రెండో ప్లానులో ఆదివారం ఒక్క గంటే మిగిలింది. రెండోసారీ, మూడోసారీ తప్పింది. ఇక ఒక్కటే అవకాశం, అదీ పోతే జన్మంతా అట్టపెట్టెలే. నాలుగో ప్లాను గీస్తూ ఆ గంట కూడా చెరిపేసింది.

కింది అంతస్తు మదలేన్, లైసెన్సు తెచ్చుకుని రెండేళ్లయిన మనిషి, అది చూసి ఊరుకోలేకపోయింది.

"ఆ గంట ఉంచవే పిల్లా."

"దానికేమవుతుందక్కా? ఎదగడం లేదుగా. ఆరేళ్ల దగ్గరే నా కోసం కూర్చుంది. పాసవ్వనీ, అన్నీ కలిపి ఆడిస్తా."

"మా కిరొల్లోస్ గురించి నేనూ అలాగే అనుకున్నా" అంది మదలేన్. వాడిప్పుడు తల్లితో అవసరమైతేనే మాట్లాడతాడు. ఆ మాట ఆవిడ నోట రాలేదు.

ఓ సాయంత్రం యుస్తీనా తలకి గుడ్డ చుట్టుకుని వచ్చింది. "అమ్మా, నేను రోగిని. నన్ను అడుగు."

"నీకు రోగాలు చెప్పడం రాదు తల్లీ. నాన్నతో ప్రాక్టీసు చేసుకుంటాలే, వెళ్లు."

పిల్ల వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడూ అడగలేదు.

మొదటి ప్లాను అతికించిన అయిదేళ్లకి నెర్మీన్ పాసయింది. ఎమాద్ కేకలు పెట్టి, ఫ్రిజ్ మీది కాగితం పీకి చెత్తబుట్టలో పడేశాడు.

తెల్లారి గదిలోంచి పదకొండేళ్ల పిల్ల బయటికొచ్చింది. పైజామా మోకాళ్ల దగ్గరికి ఎక్కిపోయింది, నుదుటి మీద మొటిమ. ఆగిన ఏళ్లన్నీ ఒక్కసారే వచ్చేశాయి. వచ్చినవి మాత్రం ఖాళీ ఏళ్లు కావు, ఆ పిల్ల ఒక్కతే గడిపిన ఏళ్లు. అయ్యో, దాచిపెట్టాననుకున్నానే! నెర్మీన్ పరుగున వెళ్లి కూతుర్ని ఎత్తుకోబోయింది. పిల్ల కాళ్లు నేల వదల్లేదు.

"ఇవాళంతా నీతోనే ఉంటానమ్మా. ఏమాడదాం చెప్పు."

యుస్తీనా మెల్లగా అమ్మ చేతులు విడిపించుకుంది. మొహంలో కోపం లేదు. కోపముంటే నెర్మీన్ కాళ్లా వేళ్లా పడేది.

"పర్లేదమ్మా. నాకు బడికి టైమవుతోంది."

"పోనీ సాయంత్రం?"

"నువ్వు చదువుకో" అంది పిల్ల అలవాటుగా. బ్యాగు తగిలించుకుని బయటికెళ్లి, లోపలున్నవాళ్ల చదువు చెడకుండా తలుపు చప్పుడు కానివ్వకుండా వేసింది.