అరచెవి పదమూడో కేసు

అత్తగారి మీద కోడలికున్న ఫిర్యాదు చిన్నదేమీ కాదు. అపరాధ పరిశోధన నవలని ఆవిడ చివరి పేజీ నుంచి మొదలుపెడుతుంది. చదివి ఊరుకుంటే పోనీలే అనుకోవచ్చు. హంతకుడెవరో వంటింట్లోకి వినపడేలా ప్రకటించి, ఆ తర్వాత తీరిగ్గా మొదటి పేజీకి వచ్చి, "వీడేనా చంపింది? ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో పాపం" అని నిట్టూరుస్తుంది. ఆ నవలలు ఇంకెవరివో అయితే కోడలు కూడా నవ్వి ఊరుకునేది. పన్నెండింటికి పన్నెండూ కోడలు రాసినవే.

ఆ ఉదయం మాత్రం ఆవిడకి చిక్కొచ్చి పడింది. పదమూడో నవల కాగితాల కట్టని అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు పైకి నెట్టి అడిగింది.

"చివరి పేజీ ఏదే అమ్మాయ్?"

"ఇంకా రాయలేదత్తయ్యా."

"మరి నేనెక్కడ మొదలుపెట్టను?"

కోడలు సింకు అంచుకి నడుం ఆనించి, ఉడికించిన చేపముక్కలో ముళ్ళు తీస్తోంది. యాభై నాలుగేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా బస్టాండు కౌంటరు దగ్గర నిలబడీ కూర్చునీ ఎడమ మోకాలు పాడైంది. చల్లటి గచ్చు మీద బరువంతా కుడికాలి మీద వేసి నిలబడుతుంది. ఒక్కొక్క ముల్లూ తీసి కాగితం మీద వరసగా పెట్టింది. తిననని మూడు రోజులుగా మొండికేసిన పిల్లి కోసం ఇంత శ్రద్ధా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు.

పెరటి గుమ్మం పక్కన ఇనప బోను ఉంది. పశువుల డాక్టరు దగ్గర అరువు తెచ్చింది. పిల్లి ఫోటోలు చూసి ఆయన మెల్లగా చెప్పాడు: "మూత్రపిండాలు పోయినట్టున్నాయండీ. మహా అయితే రెండు మూడు రోజులు. పట్టి తీసుకురండి, నొప్పి తెలియకుండా పంపించేద్దాం. లేకపోతే ఇలాంటివి ఏ మూలకో పోయి దాక్కుంటాయి. మీకు కనపడదు."

కనపడదు అన్న ఆ మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. పన్నెండు పుస్తకాల్లో ఒక్క ముడి కూడా విప్పకుండా వదలని మనిషి. తన పిల్లి ఏ గోడ వెనక పోయిందో తెలియకుండా మిగిలిన జీవితమంతా ఉండడం ఆమె వల్ల అయ్యే పని కాదు. బోనులో పడితే అది చివరి గంట భయంతో కొట్టుకుంటుంది. అదీ తెలుసు. రెండు రాత్రులు ఆలోచించి, బోను తెచ్చింది.

తన పిల్లి అనడానికి కూడా లేదు. అది వీధి పిల్లి. బూడిదరంగు, పెద్ద తలకాయ, కొట్లాటలో సగం పోగొట్టుకున్న కుడిచెవి. అందుకే అరచెవి. పదకొండేళ్ళ కిందట ఎవరి బట్టల తీగ మీద నుంచో ఒక ఉన్ని చేతితొడుగు లాక్కొచ్చి పెరటి గోడ మీద పడేసింది. బస్టాండులో, జనం బస్సుల్లో మరిచిపోయిన వస్తువులు తిరిగిచ్చే కౌంటరు ఆమెది. ఉద్యోగం అలవాటు కొద్దీ ఆ తొడుగుకి ఒక చీటీ కట్టింది. వస్తువు: తొడుగు, ఒకటి. దొరికిన చోటు: పెరటి గోడ. తెచ్చినవారు: అరచెవి. రెండో తొడుగు ఏమైందబ్బా అనుకుంటూ చీటీ వెనక్కి తిప్పి నాలుగు వాక్యాలు రాసింది. అవి మొదటి నవల అయ్యాయి. అప్పటి నుంచి ఆ నవలల్లో అరచెవి డిటెక్టివుగా ఏడాదికొక కేసు తేలుస్తోంది. అసలు అరచెవికి ఈ సంగతి తెలియదు. మొదటి మూడేళ్ళూ గోడ దిగలేదు. తర్వాత నీళ్ళతొట్టి దాకా వచ్చింది. చివరికి రెండు బారల దూరంలో కూర్చోవడం మొదలుపెట్టింది. అంతకన్నా దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు.

పుస్తకాల్లో అరచెవికి ఒకే సూత్రం. ప్రతి అట్ట వెనకా అచ్చవుతుంది: "ఎవరూ ఊరికే రారు. ఎందుకొచ్చారో పట్టుకుంటే దొంగ దొరికినట్టే." పాఠకులకి ఆ మాట ఇష్టం. ఆమెకి అది మాట కాదు, అనుభవం. ఇరవై రెండేళ్ళలో ఆ కౌంటరు దగ్గరికి, బాగున్నావా అని అడగడానికి వచ్చిన మనిషి లేడు. గొడుగు కోసం వచ్చారు, టిఫిన్ డబ్బా కోసం వచ్చారు, ఒకాయన పళ్ళసెట్టు కోసం వచ్చాడు. తీసుకుని పోయారు.

ఆరింటికి అరచెవి వచ్చింది. గోడ మీద నుంచి దూకలేదు, జారింది. బోనుని చూసింది. లోపల చేపని చూసింది. ఒకసారి చుట్టూ తిరిగి, వచ్చి ఎప్పటిలాగే రెండు బారల దూరంలో, ముందుకాళ్ళు మడిచి కూర్చుంది. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు.

"తినరా" అంది ఆమె గుమ్మంలో కూర్చుని. "నీ కోసమే. పొద్దున్నే లేచి ముళ్ళు తీశాను."

అరచెవి కళ్ళు సగం మూసింది.

"అది తిండికి రాలేదే ఇవాళ" అంది అత్తగారు వెనక నుంచి.

"తిండికి కాకపోతే ఎందుకొస్తుంది?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ రారత్తయ్యా."

"పుస్తకంలో రాసుకో తల్లీ, ఎవరొద్దన్నారు? పిల్లికి చెప్పకు."

ఏడుంబావు బస్సుకి టైమైంది. సెలవు పెట్టడానికి ఇవాళ రెండో కౌంటరు మనిషి కూడా లేడు. పిల్లి బోనులోకి వెళితే తలుపు దానంతటదే పడుతుందనీ, పడగానే పాత దుప్పటి కప్పి తనకి ఫోన్ చేయమనీ అత్తగారికి రెండుసార్లు చెప్పింది.

"నేనేం పిల్లల్ని పట్టేదాన్నా పిల్లుల్ని పట్టేదాన్నా?" అని గొణిగింది ఆవిడ. కానీ కుర్చీ పెరటి గుమ్మంలోకి లాక్కుంది.

పగలంతా ఎప్పటిలాగే గడిచింది. నిన్నటి బస్సుల్లో దొరికినవి గోనెసంచిలో వచ్చాయి. చీటీలు కట్టింది. నల్ల గొడుగు కోసం ఒకాయన వచ్చి, ముప్పై ఒక్క నల్ల గొడుగులు చూసి, తనదాన్ని పోల్చుకోలేక ఆమె మీద విసుక్కున్నాడు. "పిడి ఎలా ఉంటుందండీ?" అంది. "గొడుగు పిడిలాగే" అన్నాడు. మధ్యాహ్నం ప్రచురణకర్త ఫోన్ చేశాడు.

"అమ్మా, చివరి అధ్యాయం ఈ వారమన్నా వస్తుందా? అరచెవి ఈ కేసు తేలుస్తుందా లేదా?"

"తెలీదండీ."

"మీకే తెలీకపోతే ఎట్లా?"

నిజమే, ఎట్లా? ఫోన్ పెట్టేసి, ఇంటి నుంచి వస్తుందేమోనని దాన్ని గంటసేపు బల్ల మీదే ఎదురుగా ఉంచుకుంది. రాలేదు. తనే చేస్తే అత్తగారు ఎత్తలేదు. ఎత్తలేదంటే టీవీ ముందుందని అర్థం. రెండింటి సీరియల్ వేళకి ఇల్లు అంటుకున్నా ఆవిడ లేవదు.

ఇంటికి చేరేసరికి అయిదు దాటింది. బోను తలుపు పైకే ఉంది. చేప ఎండి అంచులు పైకి లేచాయి. అత్తగారు పొద్దున వేసుకున్న కుర్చీలోనే ఉంది.

"పోయిందే" అంది ఆవిడ, అటు చూడకుండా. "అదిగో, ఆ గోడ వారన. పక్కింట్లో పనిచేస్తున్న మేస్త్రీ గుంట తీసి పెట్టాడు. మంచివాడు."

ఆమె సంచి కింద పెట్టలేదు. గోడ వారన మట్టి కొత్తగా, తడిగా ఉంది. వెళ్ళి చూసి వచ్చింది. పైన ఒక ఇటుక కూడా పెట్టారు.

"ఎప్పుడు?"

"మూడున్నరో, నాలుగో. నేను లోపలున్నా. వచ్చి చూసేసరికి అంతే."

"దగ్గర ఎవరూ లేరా?"

"ఎవరుంటారు? వీధి పిల్లి."

ఆమె కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి వెళ్ళింది. అత్తగారికి మూతపెట్టి వెళ్ళిన అన్నం పెట్టినట్టే ఉంది. మాత్రల డబ్బాలో మధ్యాహ్నం గడిలో మాత్ర అలాగే ఉంది. ఫోన్ టీవీ పక్కన ఉంది. ఆమె చేసిన కాల్ తెర మీద కనబడుతోంది. మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని తిరిగి గుమ్మంలోకి వచ్చి, కింద కూర్చుంది.

"ఇవాళ సీరియల్లో ఏమైందత్తయ్యా? చిన్నకోడలు దొరికిందా?"

అత్తగారు ఒళ్ళో శాలువా సర్దుకుంది.

"కరెంటు పోయింది."

"గోడ గడియారం కరెంటుతోనే నడుస్తుంది. సరైన టైమే చూపిస్తోంది."

పక్కింట్లో మేస్త్రీ తాపీ కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"పన్నెండు దాటాక వచ్చింది" అంది అత్తగారు చివరికి. "కాసేపు కింద కూర్చుంది. తర్వాత ఎక్కింది. ఒళ్ళోకి. నేను పిలవలేదే, ఒట్టు. ఎముకలు తప్ప ఏం లేదు, తువ్వాలంత బరువు. నేను కదిలితే అది లేచిపోతుందేమోనని కదల్లేదు. ఫోన్ మోగుతూనే ఉంది, వినపడింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఒళ్ళోనే పోయింది. మేస్త్రీ వచ్చి దాన్ని తీస్తేగానీ లేవలేకపోయాను. మళ్ళీ కూర్చున్నా."

"నాకెందుకు చెప్పలేదు?"

"పదకొండేళ్ళు నువ్వు పెడితే, పోయేముందు నా దగ్గరికొచ్చింది. నీకేం చెప్పను?"

ఆమె గ్లాసు ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ రెండు గుక్కలు తాగి ఆగింది. తొమ్మిదేళ్ళ కిందట కొడుకు పోయినప్పుడు, పది రోజులుండి వెళతానని చిన్న సంచితో వచ్చిన మనిషి. ఊళ్ళో కూతురికి పెద్ద ఇల్లుంది, ఆవిడ కోసం గది కూడా ఉంది. ఎందుకు వెళ్ళలేదని కోడలు ఎన్నడూ అడగలేదు. అడగకుండానే కేసు తేల్చేసింది.

"మీరు మీ అమ్మాయితో పడక ఇక్కడ ఉండిపోయారనుకున్నాను."

"దాంతో నాకేం? రోజూ గంట మాట్లాడుతుంది, వద్దన్నా పెట్టెయ్యదు."

"వింటూనే ఉన్నాను. అయినా అలాగే అనుకున్నాను."

"మరింకెందుకు ఉన్నాననుకున్నావే, నీ వంట కోసమా?"

ఆమెకి నవ్వు రాలేదు. మోకాలు పట్టుకుని కాస్త ముందుకు జరిగింది.

"నేను తప్పు రాశానత్తయ్యా" అంది. "ఎవరూ ఊరికే రారని, పన్నెండు పుస్తకాల్లోనూ తప్పే రాశాను."

అత్తగారి ఒళ్ళో శాలువా మడతలో, ఉన్నిలో చిక్కుకుని, ఒక తెల్లటి పిల్లిమీసం ఉంది.